చమురుకు ఎదురు కట్నం!

మీకు తెలుసా? ముడి చమురు కొన్నవాడికి అమ్మినవాడే ఎదురు డబ్బిచ్చిన రోజు ఒకటుంది! 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడి చమురు మే నెల ఫ్యూచర్స్ (ముందస్తు ఒప్పందం) ధర పీపాకు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ఆగింది. కరోనా దెబ్బకు కార్లు ఆగాయి, విమానాలు ఆగాయి, బావులు మాత్రం ఆగలేదు. సరుకు దించుకోవాల్సిన ఊరు ఓక్లహామాలోని కుషింగ్. అక్కడి ట్యాంకుల్లో మిగిలిన చోటునంతా ఎవరో ఒకరు ముందే మాట్లాడేసుకున్నారు. ఇంకేముంది, పీపాతో పాటు ఎదురు కట్నం!

ఆ రాత్రి మన దేశంలో ఏమైందో తెలుసా? ఇదింకా విడ్డూరం. లాక్‌డౌన్ వేళలు కాబట్టి ముంబయిలోని సరుకుల ఎక్స్ఛేంజి ఎంసీఎక్స్ సాయంత్రం 5 గంటలకే దుకాణం కట్టేసింది. చివరి ధర పీపా 965 రూపాయలు. అమెరికాలో ధర ఖరారయ్యేసరికి మనకు అర్ధరాత్రి. ఇక్కడి లెక్క తేలేది అక్కడి ధరతోనే కాబట్టి మన పీపా మైనస్ 2,884 రూపాయలైంది! లాట్ అంటే 100 పీపాలు. చవగ్గా వస్తోంది కదా అని సాయంత్రం ఒక్క లాట్ కొని, కమ్మగా భోంచేసి పడుకున్నవాడికి పోయింది 3,84,900 రూపాయలు. అమ్ముదామన్నా మార్కెట్ తెరిచిలేదు, పాపం!

లెక్కల పండితులకూ అప్పుడే చుక్కలు కనిపించాయని తెలుసా? చమురు ఆప్షన్లకు ధర కట్టేది ఫిషర్ బ్లాక్ 1976లో ఇచ్చిన సూత్రంతో. అందులో లాగరిథం ఉంటుంది. మైనస్ ధరకు లాగరిథం ఎంత అని ఇంటర్ కుర్రాణ్ణి అడగండి, 'అలాంటిది ఉండదండీ' అంటాడు. దాంతో షికాగోలోని సీఎంఈ ఎక్స్ఛేంజి ఏప్రిల్ 22 నుంచి సూత్రాన్నే మార్చేసింది.

ఆ 'కొత్త' సూత్రం వయసెంతో చెప్పుకోండి చూద్దాం. అప్పటికే 120 ఏళ్లు! 1900లో లూయీ బషెలియే అనే ఫ్రెంచివాడు పారిస్‌లో తన డాక్టరేట్ కోసం రాసుకున్న లెక్క అది. ఐన్‌స్టీన్ అలాంటి లెక్కనే నీళ్లలో తేలే రేణువులకు వేసింది ఆ తర్వాత అయిదేళ్లకు. పరీక్షించినవాడు సాక్షాత్తు మహాగణితవేత్త పాంకరే. అయినా బషెలియేకి మొదటి తరగతి గౌరవం దక్కలేదు. 'ఈ లెక్కలో ధర సున్నా కిందికి పోతోందే' అని తర్వాతి తరాలు అతని పద్ధతిని పక్కన పెట్టాయి. పోదనుకున్నదే పోయింది మరి!

గ్యాసు ధరల లెక్కకు మూలం గ్యాసు కాదు, తేలే రేణువులని తెలుసా? ఉలెన్‌బెక్, ఆర్న్‌స్టైన్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు 1930లో రేణువుల వేగానికి కట్టిన సమీకరణాన్నే ఇప్పుడు గ్యాసుకూ కరెంటుకూ వాడుతున్నారు. ధర గుంజకు కట్టిన గేదెలాంటిదని దాని భావం. ఎంత దూరం లాగినా మళ్లీ గుంజ దగ్గరికే. చిక్కల్లా ఒక్కటే. మధ్యమధ్య తాడు తెగుతుంది!

ఎలా తెగుతుందంటారా? 2021 ఫిబ్రవరి మంచు తుపానులో అమెరికా టెక్సాస్‌లో టోకు కరెంటు మెగావాట్ అవర్‌కు 9,000 డాలర్లకు చేరి, దాదాపు నాలుగు రోజులు అక్కడే కూర్చుంది. అప్పటి మన రూపాయి లెక్కలో యూనిట్ సుమారు 650 రూపాయలు. ఫ్యాను స్విచ్ ముట్టుకోవాలన్నా దడే!

తెగితే పైకే పోవాలని రూలుందా? 2009 అక్టోబరు 4న జర్మనీలో ఒక గంటపాటు కరెంటు ధర మెగావాట్ అవర్‌కు మైనస్ 500.02 యూరోలు. గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి, వాడేవాళ్లు లేరు. 2024లో అయితే ఏకంగా 457 గంటలు సున్నా కిందే! చమురుకు కనీసం ట్యాంకులంటూ ఉంటాయి, ఇంత కరెంటును ఎక్కడ దాస్తారు? నన్నడిగితే, ధర చెప్పే పండితుడు ముందు చూడాల్సింది బ్లాక్‌బోర్డును కాదు, గోదామును.

గోదాము అంటే గుర్తొచ్చింది. లండన్ మెటల్ ఎక్స్ఛేంజి లెక్కల్లో 54 టన్నుల నికెల్‌గా ఉన్న సంచుల్లో నిజానికి ఏముందో తెలుసా? రాళ్లు! 2023 మార్చిలో రోటర్‌డామ్ గోదాములో బయటపడింది. ఏ సమీకరణం పట్టుకోగలదు దీన్ని?

అమెరికాలో ఉల్లిపాయల ఫ్యూచర్స్ నేరమని తెలుసా? 1955లో షికాగోలో ఇద్దరు వ్యాపారులు ఉల్లిని గుప్పిట్లో పెట్టుకుని, తర్వాత ఒక్కసారిగా కుమ్మరించారు. చివరికి బస్తా ఉల్లి కన్నా ఖాళీ సంచి ఖరీదు ఎక్కువైంది! 1958లో చట్టం చేసి ఆపేశారు. ఇప్పటికీ అమల్లోనే ఉంది. ఆ బిల్లు వెనక నిలబడ్డ చట్టసభ సభ్యుడు జెరాల్డ్ ఫోర్డ్ తర్వాత దేశాధ్యక్షుడే అయ్యాడు.

మన టమాటాకూ ఒక సిద్ధాంతం ఉంది, తెలుసా? 1928లో జర్మన్ ఆర్థికవేత్త హనావ్ పందుల ధరల్లో పట్టుకున్నాడు: ధర పెరిగితే అందరూ పెంచుతారు, అందరూ పెంచితే ధర పడుతుంది, పడితే అందరూ మానేస్తారు, మళ్లీ మొదటికి. 2023 జులైలో మదనపల్లెలో కిలో వంద దాటిన టమాటా, సెప్టెంబరుకల్లా మన యార్డుల్లో కొన్నిచోట్ల పది రూపాయలు కూడా పలకలేదు. హనావ్‌గారు మదనపల్లె వస్తే రైతులే ఆయనకు పాఠం చెప్పేవాళ్లు!

నారింజ రసం వాతావరణం చెబుతుందని తెలుసా? రిచర్డ్ రోల్ 1984లో లెక్క కట్టి చూపాడు. ఫ్లోరిడాలో రాత్రి చలి ఎంతన్న విషయంలో వాతావరణ శాఖ అంచనా ఎటు తప్పుతుందో రసం ఫ్యూచర్స్ ముందే పసిగట్టేవట. అయితే ఆ రసం ధర రోజూ అంతలా ఎందుకు ఊగుతోందో మాత్రం రోల్‌కే అంతుబట్టలేదు!

ఆఖరుగా ఒక పందెం. 1980లో జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, ఆర్థికవేత్త జూలియన్ సైమన్ 1,000 డాలర్ల సరుకు మీద పట్టుపట్టారు. రాగి, క్రోమియం, నికెల్, తగరం, టంగ్‌స్టన్. జనం పెరుగుతారు కాబట్టి పదేళ్లలో ధరలూ పెరుగుతాయన్నాడు ఎర్లిక్. లోహాలను ఎంచుకున్నదీ ఆయన పక్షమే. జనం 80 కోట్లు పెరిగారు, ద్రవ్యోల్బణం తీసేసి చూస్తే అయిదు లోహాలూ దిగాయి! 1990లో సైమన్‌కు పోస్టులో చెక్కు వచ్చింది: 576.07 డాలర్లు. కవరులో లోహాల ధరల పట్టీ ఉంది. శుభాకాంక్షలు మాత్రం లేవు!