రొంటిసంచి

చేబ్రోలు అనగానే కోనేటి నడుమ నిలిచిన చతుర్ముఖ బ్రహ్మేశ్వరాలయం, కాకతీయ సేనాని జాయపనాయుని శాసనాలు స్ఫురిస్తాయి. ఈ పాఠానికి వస్తువు అంతటి ఘనమైనది కాదు. ఆ ఊరి చుట్టుపట్ల, కృష్ణా పశ్చిమ డెల్టా పొలాలలో వరినాట్లు వేసిన స్త్రీల నడుమున దాగి ఉండిన జానెడు గుడ్డసంచి.

దీనిని రొంటిసంచి అనీ, బొడ్డుసంచి అనీ, ఆకులసంచి అనీ అంటారు. రొంటి అనగా నడుము పక్కభాగం. తాంబూలపు సంచికి పూర్వపు తెలుగులో అడపము అని పేరు. ప్రభువుల వెంట దానిని పట్టుకొని నడిచే సేవకుడు అడపకాడు, సేవకురాలు అడపకత్తె. నాటుకూలీకి అట్టి పరివారం లేదు. ఆమె రెండు చేతులూ బురదలో ఉంటాయి, రవికకు జేబు ఉండదు. కనుక నడుమే తగిన చోటు.

పొన్నూరు ప్రాంతపు తోటల తమలపాకులు, వక్కలు, సున్నపు డబ్బీ అందులో ఉండేవి. లోపలి అరలో ఆనాటి కూలి డబ్బు ఉండేది. బ్యాంకు ఖాతా లేని ఇల్లాలికి ఆ అరే ఖజానా. పిల్లల పుస్తకాలకో, పుట్టింటి ప్రయాణానికో ఎవరికీ చెప్పకుండా దాచిన సొమ్ము అది. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు ఇట్టి సొమ్ము ఎన్నో ఇళ్లలో బయటపడింది. మా నాయనమ్మ సంచిలో ఏడు నోట్లు ఉన్నాయి. వాటిని మార్చడానికి ఆమె మా నాన్నగారి చేతికి ఇవ్వవలసి వచ్చింది. డబ్బు మొత్తం తిరిగి వచ్చింది గాని, ఆ తరువాత ఆమె ఆ అరలో నోట్లు దాచగా మేమెవ్వరమూ చూడలేదు.

వక్క విషయంలో ఒక మాట చెప్పక తప్పదు. పొగాకు కలపకపోయినా వక్కతో కూడిన తాంబూలం నోటి క్యాన్సరుకు కారణమవుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వెలువరించిన గ్రంథంలో తేల్చింది. నేడు కుట్టే సంచిలో తాళంచెవులు, చిల్లర, సెల్‌ఫోను ఉంటే చాలు.

దీనికి కొత్త గుడ్డ కొనడం దండుగ. పాత మంగళగిరి నూలుచీర ఉంటే శ్రేష్ఠం. చీర అంతటా ఒకే తీరున చిరగదు. కూర్చునే చోట, కుచ్చెళ్ల అడుగున ముందుగా పలుచబడుతుంది. పమిటచెంగు చాలాకాలం గట్టిగా ఉంటుంది. గుడ్డను ఉతికి ఆరవేసి, వెలుగుకు అడ్డంగా పట్టి చూడాలి. దారాలు విడివిడిగా కనిపించే చోటును వదలివేయాలి. తరువాత రెండు బొటనవేళ్లతో నొక్కి లాగాలి. పర్రుమని శబ్దం వస్తే ఆ ముక్క పనికిరాదు.

పడుగు దారాలు నిలువుగా వచ్చేటట్లు 19 అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు గల ముక్కను కత్తిరించాలి. అదే కొలతతో పాత పంచె నుండి లోపలి గుడ్డను తీయాలి. మొదట ఆ లోపలి గుడ్డ మీద చిన్న అరను మూడువైపులా కుట్టాలి. సంచి మధ్యకు మడవబడుతుంది కనుక అర అడుగుభాగం మడత వైపు, నోరు సంచి నోటి వైపు ఉండాలి. కొత్తవారు ఇక్కడే పొరపడతారు. అర తలక్రిందులై చిల్లర రాలిపోతుంది.

రెండు ముక్కలనూ ఒకదానిపై ఒకటి పరచి కచ్చాకుట్టు వేసి, చీర ముఖభాగం లోపలికి వచ్చేటట్లు సగానికి మడవాలి. పై అంచు నుండి రెండున్నర అంగుళాలు విడిచి, అక్కడి నుండి మడత వరకు రెండు పక్కలా అర అంగుళం లోపలగా కుట్టాలి. అడుగున మడతే గాని కుట్టు లేదు కనుక బరువుకు విడిపోదు. నూలుదారమే వాడాలి. గట్టి నైలాన్ దారం పాతబట్టను కోసివేస్తుంది. బెంగాలు స్త్రీలు కాంథా కుట్టడానికి పాతచీర అంచుల నుండే దారం లాగేవారు. పాతబట్టకు పాతదారం తోడన్నమాట.

కుట్టకుండా విడిచిన పక్కలను లోపలికి మడచి కుట్టాలి. పై అంచును ముందు అర అంగుళం, తరువాత ఒక అంగుళం మడచి అడుగున కుట్టితే బొందు దూర్చడానికి దారి ఏర్పడుతుంది. సంచిని తిరగవేస్తే 6 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల లోతు మిగులుతాయి.

మిగిలిన పీలికలు మూడు తీసి జడవలె అల్లితే బొందు సిద్ధమవుతుంది. జరీ అంచుతో చేసిన బొందు గరుకుగా ఉండి జారదు. ఇట్టివి రెండు కావాలి. పిన్నీసుకు గుచ్చి ఒకదానిని కుడి పక్కనుండి, రెండవదానిని ఎడమ పక్కనుండి చుట్టూ దూర్చి, ఏ బొందు కొసలను ఆ బొందుకే ముడివేయాలి. రెండు వైపులా లాగితే నోరు బిగుస్తుంది. ఒక బొందును మరి కాస్త పొడవుగా ఉంచితే లంగా బొందుకు తగిలించి, సంచిని రొంటిన దోపుకోవచ్చు. వంగి నాటు వేసినా జారి నీటిలో పడదు.