తెర తాళము తీసినంతనే

వంటయింట పాలు పొంగిన వాసన వచ్చి లేచి వెళ్లుదుము. తిరిగి వచ్చుసరికి కంప్యూటరు తనంతట తానే తెరకు తాళము వేసికొని యుండును. పాస్‌వర్డు కొట్టి, విడిచిన వాక్యమును అందుకొనబోవుదుము. ఇంతలో తెర కుడివైపు అడుగు మూలనుండి ఒక చీటీ లేచును. దానిని తొలగించునంతలో మరొకటి. క్రొత్త సదుపాయమును వాడి చూడుమని ఒకటి, తగ్గింపు ధరలు నేటితో సరి యని వేరొకటి. వానిని త్రోసివేయుసరికి మన వాక్యము మనకు జ్ఞాపకముండదు.

రొట్టెలు కాల్చు యంత్రమునుండి ముక్క ఎగిరినట్లు పైకి లేచుటచేత ఆంగ్లమున వీనిని ‘టోస్టు’ అనియు వ్యవహరింతురు. మనకు నోటిఫికేషను అనుటయే అలవాటు.

తాళము తీసిన క్షణముననే ఇవి ఏల మూగును? తెర మూసినంత మాత్రమున యంత్రము పని మానదు. లోపలి ప్రోగ్రాములు నడచుచునే యుండును. యంత్రము నిజముగా నిద్రించినచో, మేల్కొని ఇంటర్నెట్టు అందుకొనగనే అంతవరకు నిలిచిన సందేశములన్నియు ఒక్కుమ్మడిగా వచ్చి పడును. ఇది గాక, తాళము తీయుట యనగా తెర ముందు మనిషి కూర్చున్నాడనుటకు రూఢియైన గుర్తు. విండోసులోని టాస్క్ షెడ్యూలరులో, తాళము తీసినప్పుడే ఫలానా పని మొదలిడుమని నియమించు ఏర్పాటు సైతము కలదు. చెప్పదలచినవాడు వినువాడు వచ్చువరకు వాకిట కాచుకొని యుండుట వంటిదే ఇది.

విండోసు 11లో సెట్టింగ్స్ తెరచి, సిస్టమ్ అను భాగమున నోటిఫికేషన్స్ పుటకు పోవలెను. ఆ పుట అట్టడుగున, ఎవరును చూడని చోట, మూడు గళ్లు కనబడును: నవీకరణ పిమ్మట స్వాగతము పలుకుట, యంత్రపు అమరికను పూర్తిచేయుమని సూచించుట, చిట్కాలు చెప్పుట. మూడింటను టిక్కు తీసివేయవచ్చును. తాళము వేసిన తెరపై సందేశములు కనబడకుండ చేయు మీటయు ఆ పుటలోనే యున్నది. ఇంటికి నలుగురు వచ్చి పోవువారు దానిని తప్పక ఆపుకొనవలెనని మా అభిప్రాయము. మన ఉత్తరపు మొదటి పంక్తిని దారిన పోవువారు చదువ నేల?

ఇంతకంటె చిక్కైనవి బ్రౌజరు ద్వారా వచ్చునవి. ఏదో సైటు చూచుచుండగా, సందేశములు పంపవచ్చునా యని చిన్న పెట్టె అడుగును. తొందరలో ‘అలౌ’ నొక్కుదుము, మరచిపోవుదుము. ఇట్టి ప్రశ్నలలో నూటికి సుమారు 99 అంగీకారము పొందుట లేదని ఫైర్‌ఫాక్సు నిర్మాతలు 2019లో ప్రకటించి, 2020 జనవరినుండి ఆ పెట్టెను మరుగుపరచిరి. మిగిలిన ఆ ఒక్క సమ్మతియే కొందరికి జీవనోపాధి.

మా వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఒకనాటి సాయంకాలము మాకు ఫోను చేసిరి. “వైరసు పట్టిందటండీ, వెంటనే ఈ నంబరుకు చేయమంటోంది. చేయమంటారా?” వలదని చెప్పి పరుగున పోయితిమి. వారము దినములుగా తాళము తీసినప్పుడెల్ల అదే హెచ్చరిక. అది కంప్యూటరు చెప్పిన మాట కాదు. పూర్వ మెప్పుడో వారు ‘అలౌ’ నొక్కిన సైటు వేసిన వేషము. ఆ నంబరుకు ఫోను చేసియుండినచో, అవతలివారు యంత్రమును తమ చేతిలోనికి తీసికొని బ్యాంకు వివరములు అడిగెడివారే. అట్లు డబ్బు పోగొట్టుకొన్నవారు ఆలస్యము చేయక 1930 నంబరుకు తెలుపవలెను.

నడుచుచున్న సంగీతమును ఆపి ప్రకటన చదువుట రేడియోలో మేము తేలికగా చేయు పని కాదు. తుపాను హెచ్చరిక వంటిదానికే ఆ హక్కు. ప్రతి గంటకు సబ్బుల వెల చెప్పుటకై పాట ఆపినచో, తుపాను నాడు మా మాట ఎవరు విందురు? ఆ ఉపాధ్యాయులును నిజమైన భద్రతా నవీకరణ సందేశమును ఆరుమార్లు త్రోసివేసి యుండిరి. అబద్ధపుదానిని మాత్రము నమ్మిరి.

క్రోము సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందు సైట్ సెట్టింగ్స్, దానిలో నోటిఫికేషన్స్ తెరచితిమి. అనుమతి పొందిన సైట్లు పదునొకండు ఉండెను. పదింటిని తీసివేసితిమి. తిథి వారములు తెలుపు పంచాంగపు సైటును మాత్రము ఉంచుడని వారు కోరిరి. ఉంచితిమి.