స్నానం చేయించినా ఫ్లీలు ఎందుకు పోవడం లేదు? పెంపుడు జంతువులున్న ఇంట్లో తక్కువ ఖర్చుతో చేయవలసిన పని

వానలు మొదలైన కొద్ది వారాలకు కుక్కలు, పిల్లులు పెంచుకునే ఇళ్లలో ఒక ఇబ్బంది తలెత్తుతుంది. జంతువు తోక మొదలును అదే పనిగా కొరుక్కుంటుంది. రాత్రిళ్లు నిద్రపోదు, ఇంట్లోవారిని నిద్రపోనివ్వదు. మంచం పక్కన నిలబడినవారి చీలమండల దగ్గర ఎర్రని దద్దుర్లు లేస్తాయి. షాంపూ తెస్తారు, రెండు రోజులు బాగానే ఉంటుంది, మళ్లీ మొదలు. మరో షాంపూ, ఆపైన పౌడరు, ఆ తరువాత మెడపట్టీ. మూడు నెలలు గడిచేసరికి చేతి డబ్బు తరిగిపోతుంది, పురుగులు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. విసిగిపోయి కుక్కను వీధిలో వదిలేసే కుటుంబాలు కూడా లేకపోలేదు.

ఈ వైఫల్యానికి చాలా సందర్భాలలో కారణం మందు నాసిరకం కావడం కాదు. మందు పడుతున్న చోటు వేరు, పురుగు పెరుగుతున్న చోటు వేరు కావడం.

ముందుగా పురుగును గుర్తించాలి

మన ఇళ్లలో కుక్క ఒంటి మీద కనిపించిన ప్రతి పురుగునూ పేను అనో, గోమారి అనో, పిడుదు అనో అంటారు. నిజానికి అవన్నీ ఒకటి కావు. గోమారి, పిడుదు అని పిలిచే పురుగుకు ఎదిగిన దశలో ఎనిమిది కాళ్లుంటాయి. చర్మానికి కరుచుకుని, రక్తం తాగి, గింజలా ఉబ్బి అక్కడే ఉంటుంది. పేను నెమ్మదిగా పాకుతుంది, దాని ఈర్లు వెంట్రుకలకు అంటుకుని కనిపిస్తాయి. ఫ్లీ ఈ రెండూ కాదు. ముదురు గోధుమ రంగు, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు, రెండు పక్కల నుంచి నొక్కినట్టున్న పలుచని శరీరం. రెక్కలు లేవు గాని వేలు పెట్టేలోగా గెంతి మాయమవుతుంది. దీనికి తెలుగులో అందరి నోటా ఒకే మాట స్థిరపడలేదు. మందుల దుకాణంలోనూ, పశువైద్యుల నోటా వినిపించే 'ఫ్లీ' అనే మాటనే ఇక్కడ వాడుతున్నాం.

పేరు దగ్గర ఇంత పట్టుదల ఎందుకంటే, డబ్బు వృథా కావడం తరచుగా ఇక్కడే మొదలవుతుంది. దుకాణానికి వెళ్లి గోమార్లకు మందు కావాలంటే గోమార్ల మందే ఇస్తారు. ఉదాహరణకు అమిట్రాజ్ గోమార్ల మీద, గజ్జి కలిగించే పురుగుల మీద పనిచేస్తుంది. ఫ్లీలను వదిలించడానికి అది తగిన మందు కాదు, పిల్లులకైతే ప్రమాదం కూడా.

గుర్తించడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. తెల్లని గుడ్డను తడిపి పరిచి, దాని మీద జంతువును నిలబెట్టి నడుము నుంచి తోక వరకు దువ్వండి. నల్లని రవ్వలు రాలతాయి. అవి తడికి కరిగి ఎరుపు రంగు అద్దితే ఫ్లీల మలమని అర్థం. ఫ్లీ తాగి విసర్జించిన రక్తమే అది. మట్టి అయితే ఎర్రబడదు. ఒక్క పురుగు కూడా కంటపడకపోయినా ఈ ఎర్రని మరక చాలు.

ప్రసంగవశాత్తు ఒక మాట. ప్లేగు వ్యాధి ఎలుకల నుంచి ఫ్లీల ద్వారా వ్యాపిస్తుందని పాల్ లూయీ సిమోం అనే ఫ్రెంచి వైద్యుడు ప్రయోగపూర్వకంగా చూపింది మన ఉపఖండంలోనే, 1898లో, కరాచీలో. అది ఎలుకల మీద బతికే ఫ్లీ. మన కుక్కల మీద, పిల్లుల మీద ఉండేవి వేరే జాతులు. కనుక పెంపుడు కుక్కకు ఫ్లీలు పట్టాయని ప్లేగు భయం పెట్టుకోనక్కర లేదు.

ఒంటి మీద ఉన్నవి కొన్నే

ఆడ ఫ్లీ జంతువు ఒంటి మీదే ఉండి రక్తం తాగుతుంది. తాగిన ఒకటి రెండు రోజులకే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. రోజుకు 40 వరకు పెట్టగలదు. కుక్క మీద 20 ఆడ ఫ్లీలున్నాయనుకుంటే రోజుకు 800 గుడ్లు. పేను ఈర్ల మాదిరిగా అవి వెంట్రుకలకు అంటుకోవు, నున్నగా జారి కింద పడతాయి. కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ, ఎక్కడ దులుపుకుంటే అక్కడ. కొద్ది రోజులలో వాటి నుంచి సన్నని తెల్లని పురుగులు, అంటే లార్వాలు వస్తాయి. వెలుతురంటే వాటికి గిట్టదు. చాప కిందికి, సోఫా మడతల్లోకి, బండల సందుల్లోకి దూరి, పైనుంచి రాలిన ఫ్లీ మలాన్నే తిని పెరుగుతాయి. ఆ తరువాత పట్టుపురుగు మాదిరిగా గూడు కట్టుకుంటాయి. ఆ గూడు జిగటగా ఉండి దుమ్మును అంటించుకుంటుంది కాబట్టి కంటికి కనిపించదు.

ఒక ఇంట్లో ఉన్న ఫ్లీలన్నింటినీ గుడ్లతో సహా లెక్కిస్తే జంతువు ఒంటి మీద ఉండేవి వందలో ఐదు మాత్రమేనని పశువైద్య గ్రంథాలు సుమారుగా చెబుతాయి. తక్కిన 95 ఇంట్లో ఉంటాయి. షాంపూ చంపేది ఆ ఐదింటిని. కడిగాక దాని ప్రభావం ఒంటి మీద దాదాపు నిలవదు కూడా. ఆ సాయంత్రమే కొత్తవి ఎక్కుతాయి.

గూటి దశ అన్నింటికంటే మొండిది. తేమ, వెచ్చదనం ఉన్న రోజుల్లో గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి మూడు వారాలు చాలు. అయితే గూటిలో సిద్ధంగా ఉన్న ఫ్లీ వెంటనే బయటికి రావాలన్న నియమం లేదు. వేడి, అడుగుల అదురు, శ్వాసలోని బొగ్గుపులుసు వాయువు తగిలే వరకు నెలల తరబడి లోపలే వేచి ఉండగలదు. సెలవులకు ఊరెళ్లి, తాళం వేసిన ఇంటికి తిరిగి వచ్చిన రోజునే ఒక్కసారిగా కాళ్ల నిండా కుట్టడానికి కారణం ఇదే. ఇళ్లలో వాడే పురుగుమందులు కూడా ఆ గూటిలోకి సరిగా చొరబడవు.

మంచి మందు వేసిన తరువాత కూడా కొన్ని వారాల పాటు ఫ్లీలు కనిపించడం ఇందువల్లనే. అవి పాతవి కావు, గూళ్ల నుంచి కొత్తగా వస్తున్నవి. మందున్న ఒంటి మీదికి ఎక్కి చస్తాయి. చాలామంది ఈ దశలోనే మందు పనిచేయలేదని నిర్ణయించుకుని మరొకటి కొంటారు. ఖర్చు పెరిగేది ప్రధానంగా ఇక్కడ. ఈ పని పది రోజులది కాదు, కనీసం మూడు నెలలదని మొదటే అనుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

చీపురు, వేడినీళ్లు, ఎండ

లార్వాలకు తేమ కావాలి. గాలిలో తేమ 50 శాతానికి తగ్గితే, వేడి 35 డిగ్రీలు దాటి కొంతకాలం నిలిస్తే అవి బతకలేవు. తెలంగాణ, రాయలసీమల నడివేసవి ఎండ ఆరుబయట ఈ పని తనంతట తానే చేసిపెడుతుంది. కోస్తాలో అంత వెసులుబాటు లేదు. ఇక మంచం కింద, మెట్ల కింద ఉండే నీడ, చల్లదనం ఎక్కడైనా లార్వాలకు అనుకూలమే.

విదేశీ సలహాలన్నీ తివాచీల గురించి, వాక్యూమ్ యంత్రాల గురించి ఉంటాయి. మన ఇళ్లలో చూడవలసిన చోట్లు వేరు. కుక్క పడుకునే గోనెపట్టా, పాత దుప్పటి, గుమ్మం ముందు కాళ్లపట్టా, నవారు మంచం అల్లిక, షాబాదు బండల మధ్య సందులు, గోడ వారన పేరుకున్న దుమ్ము, పెరట్లో కుక్క గుంట తవ్వుకుని పడుకునే ఇసుక. పక్క గుడ్డలను వారానికి ఒకసారైనా బాగా కాగిన నీళ్లలో నానబెట్టి, ఉతికి, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరవేయాలి. గోనెపట్టాలు మరీ పాతవైతే ఉతకడం కంటే కాల్చేయడం మేలు. మొదటి రెండు మూడు వారాలు రోజూ ఊడ్చి, సందులను గట్టి బ్రష్షుతో రుద్ది, తడిబట్టతో తుడవాలి. ఊడ్చిన దుమ్మును పెరట్లో పారబోస్తే గుడ్లు, గూళ్లు మళ్లీ అక్కడే పెరుగుతాయి. సబ్బునీళ్ల బకెట్టులో వేసి ఆపైన పారబోయాలి. వాక్యూమ్ యంత్రం ఉన్నవారు దాని సంచిని ఎప్పటికప్పుడు ఖాళీ చేయాలి.

జంతువు కోసం చవకైన సాధనం పేల దువ్వెన. తలలో పేలకు వాడే సన్నపళ్ల లోహపు దువ్వెనే, కుక్కకో పిల్లికో వేరుగా ఒకటి కేటాయిస్తే చాలు. రోజూ పది నిమిషాలు దువ్వి, చిక్కిన వాటిని సబ్బునీళ్ల గిన్నెలో ముంచాలి. మామూలు నీటిలో ఫ్లీ తేలి బయటపడగలదు, సబ్బు కలిస్తే మునిగిపోతుంది. మందులు తట్టుకోలేని పసికూనలకు, పాలిచ్చే తల్లులకు ఇది అన్నింటికంటే సురక్షితమైన పద్ధతి. స్నానం చేయించేటప్పుడు ముందుగా మెడ చుట్టూ నురగ కట్టాలి. లేకపోతే ఫ్లీలన్నీ నీళ్లు తగలని ముఖం మీదికి పరుగెడతాయి.

మందు ఒకటే, అయితే సరైనది

ఇంటి శుభ్రత ఒక్కటే చాలదు. గుడ్లు పెట్టే పురుగు ఒంటి మీద చస్తూ ఉండాలి. ఇందుకు మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కల మందు విస్తృతంగా దొరుకుతుంది. ఒక మోతాదు ఫ్లీల మీద సుమారు నెల రోజులు పనిచేస్తుంది. గుడ్లను, లార్వాలను ఎదగనివ్వని మెథోప్రిన్ కలిసిన రకం ధర కాస్త ఎక్కువైనా, మొండి సమస్యకు అదే లాభసాటి. నోటి ద్వారా ఇచ్చే బిళ్లల్లో ఫ్లూరలానర్ రకం ఫ్లీల మీద 12 వారాల పాటు ప్రభావం చూపుతుంది. కొన్నప్పుడు ధర చూసి వెనుకాడతాం గాని, దాన్ని వారాలతో భాగించి నెలనెలా కొనే షాంపూ, పౌడరు ఖర్చుతో పోల్చితే తేడా అంతగా ఉండకపోవచ్చు. అయితే మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కలకు ఆ కోవకు చెందిన మందులు ఇచ్చే ముందు ఆ సంగతి పశువైద్యునికి తప్పక చెప్పాలి. ఈ మందులతో మూర్ఛలు రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరిక జారీ చేసింది.

చుక్కల మందు విఫలం కావడానికి వాడే తీరే తరచుగా కారణం. వెంట్రుకలను విడదీసి చర్మం మీద పడేలా వేయాలి, వెంట్రుకల మీద కాదు. ముందూ వెనుకా రెండేసి రోజులు స్నానం చేయించకూడదు. బరువుకు తగిన ప్యాకెట్టే వాడాలి. పెద్ద కుక్క ప్యాకెట్టును కొని నాలుగు కూనలకు పంచడం పొదుపులా కనిపిస్తుంది గాని అందులో ఎవరికి ఎంత పడిందో తెలియదు. ఇంట్లో ఎన్ని కుక్కలు, పిల్లులుంటే అన్నింటికీ ఒకే రోజు వేయాలి. దురద లేని పిల్లిని వదిలేస్తే ఫ్లీలకు అదే స్థావరం. ఎలుకల రాకపోకలను కూడా అరికట్టాలి.

వరి పండించే ఊళ్లలో మరో ప్రమాదం ఉంది. ఫిప్రోనిల్ పేరుతోనే పొలానికి వాడే పురుగుమందు దొరుకుతుంది, చవక కూడా. దాన్ని నీళ్లలో కలిపి కుక్కకు పూయవచ్చని కొందరు చెబుతారు. పేరు ఒకటే అయినా గాఢత వేరు, కలిపే ద్రావకాలు వేరు. అది జంతువు కోసం తయారైనది కాదు. కుందేలును పెంచుకునేవారు పెంపుడు జంతువుల ఫిప్రోనిల్‌ను కూడా దానికి వాడకూడదు, కుందేళ్లకు అది విషం.

ఇంటి చిట్కాలు, పిల్లి ప్రాణం

వేపనీళ్లతో కుక్కను కడగడం వల్ల పెద్ద హాని లేదు, పెద్ద ప్రయోజనమూ లేదు. వేపనూనెను చిక్కగా పూయడం వేరు, ముఖ్యంగా పిల్లులకు అది పడదు. వెల్లుల్లి తినిపిస్తే ఫ్లీలు పోతాయన్న మాట ఆధారం లేనిదే కాక హానికరం. వెల్లుల్లి, ఉల్లి రెండూ కుక్కల, పిల్లుల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది. కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు, చిక్కని ఫినాయిలు కూడా వద్దు. పాతకాలం వారికి గుర్తున్న గమాక్సిన్ పొడి దేశంలో 1997లోనే నిషేధానికి గురైంది.

అన్నింటికంటే గట్టిగా చెప్పవలసింది పెర్మెత్రిన్ గురించి. కుక్కల చుక్కల మందుల్లో, పౌడర్లలో కొన్నింటిలో ఇది ఉంటుంది. కుక్క దాన్ని తట్టుకుంటుంది. పిల్లి కాలేయం దాన్ని విరిచివేయలేదు. కుక్క కోసం తెచ్చినది పిల్లికి కొద్దిగా వేసినా, మందు వేసిన కుక్కను ఆనుకుని పిల్లి పడుకున్నా చొంగ కారడం, ఒళ్లు వణకడం, ఆపైన మూర్ఛలు రావచ్చు. చికిత్స ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు. అటువంటప్పుడు గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవపు సబ్బు కలిపి ఆ చోటును కడిగి, తుడిచి, మందు ప్యాకెట్టుతో సహా వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. మూర్ఛలు మొదలైపోతే కడగడం కోసం ఆగకూడదు.

కూన చిగుళ్లు పాలిపోయి, నీరసంగా పడుకుని ఉన్నా ఇంటి ప్రయత్నాలతో కాలం గడపకూడదు. చిన్న ఒంట్లో రక్తం తక్కువ. విపరీతంగా పట్టిన ఫ్లీలు దాన్ని తోడేస్తే కూన బతకడం కష్టం. తోక కింద, మలంలో బియ్యపు గింజల్లాంటి తెల్లని ముక్కలు కనిపిస్తే అవి ఫ్లీని మింగడం వల్ల వచ్చే బద్దెపురుగువి. దానికి వేరే మందు ఇప్పించాలి. ఇంట్లో పాకే వయసు పిల్లలుంటే మరీ జాగ్రత్త, ఫ్లీ నోట్లోకి పోతే వారికీ ఆ పురుగు సోకవచ్చు. కొన్ని జంతువులకు ఫ్లీ ఉమ్మి పడదు. ఒకటి రెండు కాట్లకే నడుము వెంట్రుకలు ఊడి, చర్మం పుండు పడుతుంది. ఆ పుండుకు కూడా చికిత్స కావాలి.

ప్రైవేటు వైద్యం భారమనుకునేవారికి సమీపంలోని ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రులలోనూ కుక్కలను, పిల్లులను చూస్తారు. 1962 నంబరుతో నడిచే సంచార వాహనాలు ప్రధానంగా పాడి పశువుల కోసం ఉద్దేశించినవి. ఎక్కడికి వెళ్లినా జంతువు బరువు, వయసు, ఇంతవరకు వాడిన మందుల పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్లడం మంచిది. ఖాళీ ప్యాకెట్లుంటే వాటినీ వెంట తీసుకువెళ్లండి.