అంచేల నల్లనైనది?

చాలయేండ్ల క్రిందట తరగతిలో ఛందస్సు బోధించుచుండగా, నా పుస్తకపు అట్టపైనున్న కాఫీ మరకను చూచి ముందుబల్ల విద్యార్థి యొకడు, "మాస్టారూ! అంచు అంత నల్లగా, నడుమ అంత పలుచగా ఎందుకున్నదండీ?" అని యడిగెను. "పద్యము వదలి మరకను చదువుచున్నావా?" అని గద్దించితిని. తరగతి యంతయు నవ్వెను. బాలుడు తల వంచుకొనెను. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదని మాత్రము నేను చెప్పలేదు.

ఆ ప్రశ్ననే చికాగో విశ్వవిద్యాలయమున రాబర్ట్ డీగన్ మొదలగు పరిశోధకులు చేపట్టి, 1997లో 'నేచర్' పత్రికయందు సమాధానము ప్రకటించిరి.

కాఫీలో కంటికి కానరాని పొడిరేణువులు తేలుచుండును. బొట్టు పడగానే దాని అంచు అడుగుతలపు గరుకును పట్టుకొని కదలక నిలుచును. నీరు ఆవిరియగుట బొట్టునం దంతటను సమానము కాదు, అంచున అధికము. అంచు వెనుకకు జరుగదు గనుక, అచట తరిగిన నీటిని పూరించుటకు నడుమనుండి నీరు ప్రవహించును. గోదావరి ఒండ్రును మోసికొనిపోయి సాగరముఖమున దించినట్లు, ఆ ప్రవాహము రేణువులను అంచునకు చేర్చును. చేరిన రేణువులు అంచును మరింత బిగించును. కడకు నీరు ఎగిరిపోయి, నల్లని వలయము మిగులును.

ఈ వలయము తప్పనిసరియా? 2011లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున పీటర్ యుంకర్, అర్జున్ యోధ్ ప్రభృతులు గుండ్రని రేణువులకు బదులు కోడిగ్రుడ్డువలె సాగిన రేణువులను నీట కలిపి చూచిరి. అవి బొట్టు పైపొరను చేరి, ఒకదాని నొకటి పట్టుకొని, అంచుదాక పోక నిలిచిపోయెను. మరక యంతటను సమముగా పరచుకొనెను. రేణువుల ఆకారము మారగా మరక రూపమే మారినది! సిరాచుక్కలు చల్లి అచ్చువేయు యంత్రములకును, సన్నని రంగుపూతలకును ఈ జ్ఞానము మిక్కిలి అవసరము.

పాఠకులు తమ యింటనే పరీక్షింపవచ్చును. గాజుపలకపై పలుచని డికాక్షను బొట్టొకటి వేసి, కదలింపక ఆరనిండు; అంచు తానే కథ చెప్పును.

ఆ విద్యార్థి నేడెచట నున్నాడో యెరుగను. ఆ పుస్తకము మాత్రము నాయొద్దనే యున్నది. అతడీ వ్యాసమును చదివినచో, ఆనాడు తరగతి నవ్వవలసినది అతనిని చూచి కాదని గ్రహించునుగాక! మరకను చదువుట నేనిప్పుడే మొదలిడితిని.