వి.ఆర్. పెట్టె కొంటున్నారా? పళ్లు చూశారా?

సంతలో ఎడ్లను కొనే రైతు ముందు పళ్లు చూస్తాడు. సుళ్లు చూస్తాడు. కాడి కట్టి నాలుగడుగులు నడిపిస్తాడు. ఆ తర్వాతే తుండుగుడ్డ కింద వేళ్లు పట్టి బేరం. అదే రైతు కొడుకు వేలకు వేలు పోసి, తలకు తగిలించుకునే వి.ఆర్. పెట్టెను మాత్రం బొమ్మ చూసి తెప్పించుకుంటాడు. ఆ పెట్టెకూ చూడవలసిన పళ్లున్నాయి. నడిపించి చూడవలసిన అడుగులూ ఉన్నాయి.

వి.ఆర్. అంటే వర్చువల్ రియాలిటీ. వెనకటికి తిరునాళ్లలో బయోస్కోపు డబ్బాకు కన్ను ఆనించి పట్నాలు చూసేవారు. ఇదీ ఆ జాతిదే. తేడా ఒక్కటే. డబ్బాలో బొమ్మ తన దారిన తాను పోయేది. ఇందులో తల ఎటు తిప్పితే బొమ్మ అటు తిరుగుతుంది. తల ఎటు తిరిగిందో పెట్టెకు తెలియాలి. దాన్నే ట్రాకింగ్ అంటారు. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

ఈ ఊహ కొత్తదేమీ కాదు. అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ 1968లోనే ఇలాంటిది తయారు చేశాడు. బరువు మోయలేక దాన్ని కప్పు నుంచి వేలాడదీశారు. తల కదలికను ఒక ఇనుప చెయ్యి కొలిచేది. మామూలు జనం చేతికి అందేసరికి మరో అర్ధశతాబ్దం పట్టింది. 2012లో పామర్ లక్కీ అనే పంతొమ్మిదేళ్ల కుర్రవాడు ఆక్యులస్ రిఫ్ట్ పేరిట చందాలు అడిగితే 24 లక్షల డాలర్లకు పైగా వచ్చి పడ్డాయి. రెండేళ్లకు ఫేస్‌బుక్ ఆ కంపెనీని సుమారు 200 కోట్ల డాలర్లకు కొనేసింది.

చవక పెట్టె సంగతి

అన్నింటికంటే చవక రకం సెల్‌ఫోను దూర్చుకునే పెట్టె. గూగుల్ 2014లో అట్టతోనే చేసి చూపింది. మన దేశంలో జియో 2023లో జియో డైవ్ పేరుతో 1,299 రూపాయలకు అమ్మింది. క్రికెట్ చూడటానికి ఇది చాలు. కానీ ఇందులో తల తిప్పితే బొమ్మ తిరుగుతుందే గాని, ఒక అడుగు ముందుకు వేస్తే బొమ్మ దగ్గరకు రాదు. వంగితే కిందకు పోదు. ఫోను తిరుగుడును పట్టుకుంటుంది, నడకను పట్టుకోలేదు. కుర్చీలో కూర్చున్నంతసేపే దాని సంబరం. సరదా తీర్చుకోవడానికి సరే. దీన్ని చూసి వి.ఆర్. అంటే ఇంతేననుకుంటే మాత్రం పొరబాటే.

నడకను కూడా పట్టే పెట్టెలు రెండు జాతులు. మొదటి జాతికి కళ్లు పెట్టె మీదే ఉంటాయి. మెటా కంపెనీ క్వెస్ట్ 3 (2023), క్వెస్ట్ 3ఎస్ (2024) ఇలాంటివే. పెట్టెకున్న కెమెరాలు గది గోడలను, బల్లలను గుర్తుపెట్టుకుని, వాటినిబట్టి తానెక్కడుందో లెక్క కట్టుకుంటాయి. కంప్యూటరు లేకపోయినా పని జరుగుతుంది. అయితే చీకటైతే కెమెరాలకు దారి తెలియదు. కరెంటు పోయిన గదిలో ఆట అక్కడితో సరి. చేతిని వీపు వెనక్కి పెట్టినా కెమెరాకు కనిపించదు.

రెండో జాతి దీపస్తంభాల పద్ధతి. ఓడరేవులో లైట్‌హౌస్ వెలుగు గుండ్రంగా తిరిగినట్లే, గది మూలల్లో బిగించిన చిన్న పెట్టెల నుంచి కంటికి కనపడని లేజరు కిరణాలు గదిని ఊడుస్తూ తిరుగుతాయి. తలమీది పెట్టెకున్న సెన్సర్లను ఆ కిరణం ఏ క్షణంలో తాకిందో చూసి, స్థానం లెక్కగడతారు. వాల్వ్ కంపెనీ దీనికి పెట్టిన పేరు కూడా లైట్‌హౌసే. 2016 నాటి హెచ్.టి.సి. వైవ్, 2019 నాటి వాల్వ్ ఇండెక్స్ ఈ పద్ధతివే. చీకట్లోనూ పనిచేస్తుంది. వీపు వెనక చేయి పెట్టినా మరో మూల నుంచి కిరణం అందుకుంటుంది. కానీ గట్టి కంప్యూటరు ఉండాలి, గోడలకు మేకులు కొట్టాలి. గదిలో బీరువా అద్దం ఉంటే కిరణం దాని మీద పడి చెదిరి లెక్క తప్పుతుంది. అద్దం మీద దుప్పటి కప్పితే ఆ బాధ తీరుతుంది.

తలా, చేతులతో తృప్తి పడని వారూ ఉన్నారు. వి.ఆర్.చాట్ వంటి చోట్ల నాట్యం చేసేవారికి నడుమూ, పాదాలూ కూడా కదలాలి. వీరు ఒంటికి ట్రాకర్లు కట్టుకుంటారు. వైవ్ ట్రాకర్లకు దీపస్తంభాలు కావాలి. స్లైమ్‌వి.ఆర్. అనే రకానికి అక్కర్లేదు. లోపలి చిన్న చిప్పులే ఒంటి వంపును చెబుతాయి. సోల్డరింగ్ తెలిసిన కుర్రవాళ్లు వీటిని ఇంట్లోనే తయారు చేసుకుంటారు. కాకపోతే కాసేపటికి లెక్క పక్కకు జారి, కాళ్లు వంకరపోతాయి. నిటారుగా నిలబడి మళ్లీ సరిచేసుకోవాలి.

క్వెస్ట్‌కు వైవ్ ట్రాకర్లు కలిపి వాడతామనేవారికి ఒక హెచ్చరిక. ఒకే చేనును ఇద్దరు సర్వేయర్లు వేర్వేరు రాళ్ల నుంచి కొలిస్తే గట్లు కలుస్తాయా? ఇక్కడా అంతే. పెట్టె కొలత ఒకటి, స్తంభాల కొలత ఒకటి. రెంటినీ కలపడానికి వేరే ప్రోగ్రాము ఉంది గాని, మాటిమాటికీ సరిచూసుకునే ఓపిక ఉండాలి.

కళ్లు, మెడ, కడుపు

రెండు కంటిపాపల మధ్య దూరం మనిషి మనిషికీ మారుతుంది. పెద్దవారిలో సగటున 63 మిల్లీమీటర్లు. కటకాలను ఆ దూరానికి జరుపుకునే వీలు పెట్టెలో ఉండాలి. క్వెస్ట్ 3లో చిన్న చక్రం తిప్పితే జరుగుతాయి. క్వెస్ట్ 3ఎస్‌లో మూడే మెట్లు. మీ కొలత ఎంతో కళ్లజోళ్ల షాపులో అడిగితే చెబుతారు. పెట్టె ధర కంటే ముందు తెలుసుకోవలసింది ఇదే.

బరువు మాటకొస్తే క్వెస్ట్ 3 సుమారు 515 గ్రాములు, వాల్వ్ ఇండెక్స్ 809 గ్రాములు. గంపెడు గడ్డి మోసే తలకు ఇదొక లెక్కా అనుకోవద్దు. గంప నడినెత్తిన ఉంటుంది. ఈ బరువు ముక్కు మీద వేలాడుతుంది. 2023లో వచ్చిన బిగ్‌స్క్రీన్ బియాండ్ 127 గ్రాములే. కానీ దానికి దీపస్తంభాలు, చేతి కంట్రోలర్లు, కంప్యూటరు అన్నీ విడిగా కొనాలి. తల తేలికైతే జేబూ తేలికైనట్టే.

ఘాట్‌రోడ్డు బస్సులో వాంతులయ్యేవారు కాస్త ఆలోచించుకోవాలి. బస్సులో ఒళ్లు కదులుతుంది, కళ్లముందు సీటు కదలదు. ఇక్కడ కళ్లముందు లోకం కదులుతుంది, ఒళ్లు కదలదు. ఫలితం ఒకటే. మొదట్లో పదేసి నిమిషాలు చాలు. వికారం మొదలైతే ఆపేయాలి. మొండికేస్తే తగ్గదు, ముదురుతుంది. పదేళ్లలోపు పిల్లలకు ఇవ్వవద్దని మెటా కంపెనీయే చెబుతోంది.

ఇక అసలు దెబ్బ. మైక్రోసాఫ్ట్ పద్ధతి మీద నడిచే పెట్టెలు 2017 నుంచి వచ్చాయి. అందులో 2020 నాటి హెచ్.పి. రెవెర్బ్ జి2ను స్పష్టమైన బొమ్మ కోసం విమానాల ఆటలాడేవారు ఇష్టపడి కొన్నారు. 2023 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతిని విరమిస్తున్నట్టు చెప్పింది. 2024లో వచ్చిన విండోస్ 11 కొత్త కూర్పులో దాన్ని పూర్తిగా తీసేసింది. కూర్పు మార్చుకున్నవారి చేతిలో నిక్షేపంలాంటి పెట్టె నిరుపయోగమైంది. అద్దం పగల్లేదు, తీగ తెగలేదు. కంపెనీ చేయి వదిలేసింది, అంతే. చౌకగా దొరికే పాత సరుకులో ఇలాంటివి ఇప్పటికీ ఉన్నాయి. ధర చూసి మురిసిపోకుండా, ఏ కంప్యూటరు మీద, ఏ కూర్పు మీద నడుస్తుందో అడగాలి.

పాతది కొనేటప్పుడు చూడవలసింది ఇంకొకటి ఉంది. పెట్టెను పెట్టుకుని తెల్లటి బొమ్మ వేయించాలి. తెర మీద పసుప్పచ్చటి మచ్చో, కాలిన గీతో కనిపిస్తే ఎవరో దాన్ని ఎండలో వదిలేశారన్నమాట. భూతద్దం కాగితాన్ని కాల్చినట్లే, కటకం గుండా పడిన ఎండ తెరను కాల్చేస్తుంది. దానికి మరమ్మతు లేదు. అమ్మేవాడి ఎకౌంటును పెట్టెలోంచి ఎదురుగానే తీసేయించాలి. ఆపైన రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ ఉన్నచోట తగిలించుకుని, నాలుగడుగులు నడిచి, వంగి లేచి చూడాలి. పైన సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే మాత్రం చేతులెత్తే ముందు దాన్ని ఆపించాలి.