రాగి ఎందుకు కరగదు?

తొమ్మిదో తరగతికి లోహాల పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి అడిగింది. "రాగి 1085 డిగ్రీలకే కరుగుతుందన్నారు కదా సార్. రాకెట్ ఇంజన్లో మంట 3000 డిగ్రీలు దాటుతుందని మొన్న మీరే చెప్పారు. మరి ఆ ఇంజన్ని దేంతో చేస్తారు?"

రాగితోనే చేస్తారు. స్పేస్ షటిల్ తోక కింద మూడేసి చొప్పున కనిపించే ఆర్‌ఎస్-25 ఇంజన్ల దహన గది లోపలి గోడ రాగిదే. కాస్త వెండి, కాస్త జిర్కోనియం కలుపుతారు, అంతే. 2011లో షటిళ్లు ఎగరడం ఆపేశాక నాసా వాటి ఇంజన్లను విప్పి దాచిపెట్టి, తన కొత్త భారీ రాకెట్ ఎస్‌ఎల్‌ఎస్ అడుగున బిగించింది. పొదుపు కోసం పాత సామాను వాడుకున్నారని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి ఆ అమ్మాయి ప్రశ్నలోనే ఉంది.

కాగితం కప్పులో నీళ్లు పోసి కొవ్వొత్తి మీద పట్టుకుంటే నీళ్లు వేడెక్కుతాయి గానీ కాగితం అంటుకోదు. అడుగున మసి పడుతుంది, అంతే. మంట ఇచ్చే వేడిని నీళ్లు ఎప్పటికప్పుడు లాగేసుకుంటాయి. ఆర్‌ఎస్-25లో ఆ నీళ్ల పని హైడ్రోజన్ చేస్తుంది.

ట్యాంకులో అది మైనస్ 253 డిగ్రీల చలిలో ఉంటుంది. దహన గది రాగి గోడలో పైనుంచి కిందికి 390 సన్నటి గాళ్లు చెక్కి, వెనకవైపు నికెల్ పొరతో మూసేస్తారు. గోడకి ఇటు 3300 డిగ్రీల మంట, అటు ఆ గాళ్లలో పరుగెత్తే హైడ్రోజన్. రాగి వేడిని చకచకా దాటిస్తుంది కాబట్టే ఇక్కడ పనికొచ్చింది. ఇంకా ఎక్కువ డిగ్రీలకు కరిగే లోహాలున్నా, అవి వేడిని పట్టుకుని కూర్చుంటే లోపలివైపు మాడిపోతాయి. కింద గంట ఆకారంలో కనిపించే నాజిల్‌కి విడిగా గోడంటూ లేదు. పక్కపక్కన పేర్చి అతికిన 1080 గొట్టాలే గోడ. వాటిలోనూ హైడ్రోజనే పారుతుంది.

అలా వేడెక్కిన హైడ్రోజన్‌ని పారబొయ్యరు. నాకు ఈ ఇంజన్ మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం అదే. దహన గదిని చల్లబరిచిన వాటా వెళ్లి, ఇంధనాన్ని మొదటగా తోసే చిన్న పంపు టర్బైన్‌ని తిప్పుతుంది. నాజిల్‌ని చల్లబరిచిన వాటా ప్రీబర్నర్లు అనే రెండు చిన్న పొయ్యిల్లోకి పోతుంది. అక్కడ ఆక్సిజన్ కావాలనే తక్కువిస్తారు. హైడ్రోజన్ సగం సగంగానే మండుతుంది కాబట్టి, వచ్చే వాయువు టర్బైన్ రెక్కలు తట్టుకునేంత వేడితోనే ఉంటుంది. ఆ వాయువు తిప్పే ఇంధనపు పెద్ద పంపు ఒక్కదానిదే సుమారు 70,000 హార్స్‌పవర్. నిమిషానికి 35,000 చుట్లు పైనే తిరుగుతుంది. పని ముగించుకున్న వాయువు, అందులో మండకుండా మిగిలిన హైడ్రోజన్‌తో సహా, 200 వాతావరణాల పీడనంలో ఉన్న అసలు దహన గదిలోకి దూరి అక్కడ పూర్తిగా మండుతుంది.

ఆర్‌ఎస్-25కి పోటీగా వచ్చింది సొంత ఇంటి బిడ్డే. దాన్ని చేసిన కాలిఫోర్నియా సంస్థ రాకెట్‌డైనే డెల్టా-4 రాకెట్ కోసం ఆర్‌ఎస్-68 చేసింది. ధర తగ్గాలన్నదే పట్టు. భాగాలు 80 శాతం దాకా తగ్గించారు. టర్బైన్ తిప్పిన వాయువుని బయటికే వదిలేశారు. నాజిల్‌లో గొట్టాలు లేవు, పొరలుపొరలుగా మాడి రాలిపోయే పూత ఉంది. తోపుడు బలం మాత్రం ఆర్‌ఎస్-25 కంటే చాలా ఎక్కువ. ఒక్కసారి వాడి పారేసే రాకెట్‌కి ఇది తెలివైన ఎంపిక. టర్బైన్ వాయువుని మళ్లీ మండించాలా, బయటికి వదిలేయాలా అన్న ఈ రెండు దారుల మధ్య ఎంపిక మన దగ్గరా జరిగింది. శ్రీహరికోట నుంచి ఎగిరే జీఎస్‌ఎల్‌వీ క్రయోజెనిక్ ఇంజన్ది మొదటి దారి, ఎల్‌వీఎం-3లోని సీఈ-20ది రెండోది.

2006లో నాసా తన ఏరిస్-5 అనే భారీ రాకెట్‌కి ఆర్‌ఎస్-68నే ఎంచుకుంది. చిక్కు తర్వాత బయటపడింది. అయిదారు ఇంజన్లు దగ్గరదగ్గరగా, అటూ ఇటూ రెండు పెద్ద ఘన ఇంధన బూస్టర్లు. ఒకదాని సెగ ఇంకోదానికి, బూస్టర్ల సెగ అన్నింటికీ. లోపలి నుంచి మాడడానికి చేసిన నాజిల్ బయటి నుంచి కూడా కాలితే తట్టుకోవడం కష్టం. హైడ్రోజన్ పారే గొట్టాల గోడకి ఆ బెంగ లేదు. షటిల్‌తో అది 30 ఏళ్లు బూస్టర్ల పక్కనే కాపురం చేసింది.

ఏరిస్ రద్దయింది. దాని స్థానంలో వచ్చే ఎస్‌ఎల్‌ఎస్‌కి వీలైనంత వరకు షటిల్ సామగ్రి వాడాలని 2010లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. అందులో ఉద్యోగాలు, ఓట్ల లెక్కలు లేవనను. కానీ ఇంజన్ విషయంలో భౌతికశాస్త్రం కూడా ఆ పక్కనే ఉందని నా నమ్మకం.

మిగతా సామానూ అలాగే సర్దుకుంది. బూస్టర్లకి నాలుగు ముక్కలుండేవి, అయిదు చేశారు. ట్యాంకు వ్యాసం షటిల్ నాటి 8.4 మీటర్లే. 2022 నవంబరు 16న ఎస్‌ఎల్‌ఎస్ తొలి ప్రయాణం ఆర్టెమిస్-1లో మండిన నాలుగు ఇంజన్లలో ఒకటి 1998లో వ్యోమగామి జాన్ గ్లెన్‌ని కక్ష్యలోకి చేర్చినదే. ఎనిమిది నిమిషాలు పనిచేశాక నాలుగూ రాకెట్ మొండెంతో పాటు పసిఫిక్ సముద్రంలో పడిపోయాయి. మళ్లీమళ్లీ ఎగరడానికి పుట్టినవాటిని అలా వదిలేయడం నాకు కష్టంగానే ఉంది. షటిళ్ల తర్వాత నిల్వ చేసిన పదహారూ అయిపోయాక వాడడానికి ఇప్పుడు కొత్తవి చేస్తున్నారు. ఒక్క ప్రయాణానికే కాబట్టి అతుకులు తగ్గించారు, తయారీ చౌక చేశారు. హైడ్రోజన్ తిరిగే దారిని మాత్రం ఎవరూ మార్చలేదు.