వెన్నులో సూది: ఏ దారిన వెళితే నొప్పి తగ్గుతుంది?

నడుములో మొదలైన నొప్పి పిరుదు మీదుగా, తొడ వెనక నుంచి పిక్కలోకి కరెంటు షాక్‌లా దిగుతుంది. కూర్చుంటే నొప్పి, దగ్గితే నొప్పి, తుమ్మితే ప్రాణం పోయినంత పని. ఎంఆర్‌ఐ తీయిస్తే ‘డిస్కు జారింది, నరం నొక్కుకుంటోంది’ అంటారు. మాత్రలు, ఫిజియోథెరపీతో కొన్ని వారాలు గడిచినా తగ్గకపోతే డాక్టరు నుంచి వచ్చే సూచన: ‘ఆపరేషన్ దాకా వెళ్లేముందు వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి చూద్దాం’. ఇంట్లోవాళ్లకు వెంటనే వచ్చే సందేహాలు రెండు. పనిచేస్తుందా? ప్రమాదం లేదు కదా? సూది ఏ దారిన వెళ్తుంది, అందులో ఏ మందు ఉంది అన్న సంగతులు తెలిస్తే ఈ రెండింటికీ చాలావరకు జవాబు దొరుకుతుంది.

నొక్కుడు ఒక్కటే కారణం కాదు

వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుకు బయట గట్టి పట్టీ, లోపల జిగురులాంటి గుజ్జు ఉంటాయి. పట్టీ చిట్లి గుజ్జు బయటికి వస్తే పక్కనున్న నరం మూలాన్ని తాకుతుంది. కాలి నొప్పికి ఇలా జారిన డిస్కు కారణమని 1934లో అమెరికా వైద్యులు మిక్స్‌టర్, బార్ స్పష్టంగా చూపించారు. చాలాకాలం అందరూ ఒత్తిడి గురించే ఆలోచించారు. అయితే డిస్కు జారినట్టు స్కానింగ్‌లో కనిపించినా ఏ నొప్పీ లేనివారు ఎందరో ఉన్నారు. గుజ్జులోని ఫాస్ఫోలైపేజ్ ఎ2, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా లాంటి రసాయనాలు నరం మూలంలో వాపు, మంట పుట్టిస్తాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

స్టెరాయిడ్ పని ఆ మంటను చల్లార్చడమే. జారిన డిస్కును అది వెనక్కి నెట్టదు. అయితే బయటికి వచ్చిన గుజ్జును చాలామందిలో శరీరమే కొన్ని నెలల్లో కరిగించుకుంటుంది. అప్పటిదాకా మనిషి నడవగలిగేలా, నిద్రపోగలిగేలా గడువు ఇవ్వడమే ఇంజెక్షన్ ఉద్దేశం.

మూడు దారులు

వెన్నుపాము చుట్టూ ఉన్న పొరకు, ఎముకకు మధ్య ఉండే సన్నని చోటును ఎపిడ్యూరల్ ప్రదేశం అంటారు. అక్కడికి మూడు దారులున్నాయి.

మొదటిది కాడల్. తోక ఎముకకు కాస్త పైనున్న రంధ్రం గుండా సూది వెళ్తుంది. ఫ్రాన్స్‌లో సికార్, కాతెలాఁ 1901లో వేర్వేరుగా వివరించిన పాత పద్ధతి ఇది. అప్పట్లో వాడింది స్టెరాయిడ్ కాదు, కొకైన్. ఇందులో వెన్నుపాము పొర చిల్లుపడే అవకాశం తక్కువ. కానీ డిస్కులు ఎక్కువగా జారేది నడుము చివరి రెండు చోట్ల. కింది నుంచి అంత దూరం మందు ఎక్కాలంటే ఎక్కువ ద్రవం కలిపి పంపాలి. దాంతో మందు పలచబడుతుంది.

రెండోది ఇంటర్‌లామినార్. వీపు వైపు నుంచి, రెండు పూసల వెనక భాగాల మధ్యగా సూది వెళ్తుంది. గట్టి లిగమెంటులో ఉన్నంతసేపు సిరంజి పిస్టన్ కదలకుండా మొరాయిస్తుంది. అది దాటగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. ఆ తేడానే వేలికి అందే సంకేతం. చిక్కేమిటంటే, మందు తరచు వెనకవైపే ఉండిపోతుంది. డిస్కు నరాన్ని తాకేది ముందువైపు.

మూడోది ట్రాన్స్‌ఫోరామినల్. నరం బయటికి వచ్చే పక్కదారి గుండా, ఎక్స్‌రే తెరపై చూస్తూ, రంగు ద్రవంతో సూది స్థానం సరిచూసుకుని, రెండు మూడు మిల్లీలీటర్ల మందును మంట ఉన్నచోటే వదులుతారు.

పరీక్షల్లో ఏం తేలింది?

1997లో కెనడా పరిశోధకులు 158 మందిపై పరీక్షించారు. వీపు వైపు నుంచి స్టెరాయిడ్ ఇచ్చినవారికి ఆరు వారాల దగ్గర కాలి నొప్పి కొంత తగ్గింది. మూడు నెలలకు ఉప్పునీరు ఇచ్చినవారికీ వీరికీ తేడా లేదు. ఏడాదిలోగా ఆపరేషన్ అవసరమైనవారు రెండు వైపులా సుమారు నాలుగో వంతు. దీర్ఘకాలిక నొప్పి ఉన్న 116 మందిపై 2011లో నార్వేలో జరిగిన కాడల్ పరీక్షలోనూ ప్రయోజనం కనబడలేదు.

పక్కదారి ఫలితాలు కాస్త మెరుగు. 2010లో ఆస్ట్రేలియాలో 150 మందిని ఐదు గుంపులు చేశారు. ఈ దారిన స్టెరాయిడ్ తీసుకున్నవారిలో నెల తర్వాత సగమైనా నొప్పి తగ్గినవారు 54 శాతం. అదే దారిన ఉప్పునీరు తీసుకున్నవారిలో 19 శాతం, మత్తుమందు మాత్రమే తీసుకున్నవారిలో 7 శాతం. స్టెరాయిడ్‌ను కండకు ఇచ్చినప్పుడు 21 శాతమే. అంటే మందు ఎంత ముఖ్యమో అది చేరే చోటూ అంతే ముఖ్యం.

అయినా అంచనాలు అదుపులో ఉండాలి. 2020లో 25 పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో, 100 పాయింట్ల కొలమానంపై కాలి నొప్పి సగటున 5 పాయింట్లే ఎక్కువగా తగ్గింది. అదీ కొద్దికాలమే. కొందరికి గొప్ప ఉపశమనం, చాలామందికి అంతంతమాత్రం: సగటు వెనక ఉన్న కథ ఇదే.

దగ్గరి దారిలో దాగిన ముప్పు

నరం వచ్చే పక్కదారిలోనే వెన్నుపాముకు రక్తం తీసుకెళ్లే సన్నని ధమనులు కూడా ఉండవచ్చు. ట్రయామ్సినలోన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లలో సూక్ష్మ కణాలుంటాయి. పొరపాటున అవి ధమనిలోకి వెళ్తే రక్తప్రవాహం ఆగి కాళ్లు చచ్చుబడవచ్చు. ఇది చాలా అరుదు, కానీ జరిగితే సరిచేయలేనిది. పక్షవాతం, చూపు పోవడం, మరణం వంటి అరుదైన ప్రమాదాలపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరించింది. కణాలు లేని డెక్సామెథసోన్ సురక్షితమని ఇప్పుడు పక్కదారికి చాలామంది దాన్నే ముందు ఎంచుకుంటున్నారు. 2014లో 78 మందిపై జరిగిన పోలికలో నొప్పి తగ్గించడంలో అది ట్రయామ్సినలోన్‌కు దాదాపు సమానంగా నిలిచింది. కాకపోతే రెండోసారి, మూడోసారి ఇంజెక్షన్ కావలసినవారు కొంత ఎక్కువ.

మన దేశంలో మరో జాగ్రత్త అవసరం. స్టెరాయిడ్ వల్ల కొన్ని రోజులపాటు రక్తంలో చక్కెర పెరుగుతుంది. షుగర్ ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఒప్పుకునేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఏ దారిన ఇస్తారు? ఎక్స్‌రే తెరపై చూస్తూ ఇస్తారా? కణాలున్న మందా, లేనిదా? ఇక మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య తిమ్మిరి, పాదం లేపలేనంత బలహీనత కనిపిస్తే ఇంజెక్షన్ కోసం ఎదురుచూడకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ గంటలు కూడా లెక్కే.